మీకు తెలుసా? గీతలు మాత్రమే గీసే రంగుల తెర

రాయపూర్‌లో విజయనగరం వైపు వెళ్లే ప్యాసింజర్ ఎక్కితే కాసేపటికే మందిర్ హసౌద్ వస్తుంది. ఎక్కేవాళ్లున్నా లేకపోయినా బండి అక్కడ ఆగుతుంది. ఆపైన మహాసముంద్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి... పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా 1931లో పూర్తయిన ఈ లైను మీద ప్రతి స్టేషన్‌కూ ఒక వేళ ఉంటుంది, ఆ వేళకే అన్నీ జరుగుతాయి.

పిక్చర్ ట్యూబు టీవీ కూడా ఇలాంటి బండే. ట్యూబు మెడలోంచి బయల్దేరిన ఎలక్ట్రాన్ బీమ్ తెర మీద ఎడమ నుంచి కుడికి, పైనుంచి కిందికి, 625 గీతల లెక్కన, సెకనుకు 25 పూర్తి బొమ్మల చొప్పున తిరుగుతూనే ఉంటుంది. చూపించాల్సింది నల్లటి ఆకాశంలో ఒక్క నక్షత్రమే అయినా తెరంతా చుట్టి రావాల్సిందే.

1980ల మొదట్లో అమెరికా వీడియో గేమ్ సెంటర్లలో కొన్నేళ్లపాటు వెలిగిన రంగుల వెక్టర్ మానిటర్ అలా కాదు. అది స్టేషన్ బయట నిలబడే ఆటో. ఎక్కడికి పొమ్మంటే నేరుగా అక్కడికే పోతుంది, మధ్యలో ఊళ్లతో పని లేదు. టైమ్‌టేబులు అసలే లేదు. ఆ టైమ్‌టేబులు లేకపోవడం వల్లే దాని గీతలకు అంత అందం వచ్చింది. దాని సర్క్యూట్లు అంత తరచుగా కాలిపోయిందీ అందువల్లే.

రాయపూర్ పల్లెల్లో హైదరాబాద్ టీవీ

రాయపూర్ చుట్టుపక్కల పల్లెలకు టీవీ మొదట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? ఆకాశం నుంచి! 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఇస్రో ‘సైట్’ అనే ప్రయోగం నడిపింది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలను ఎంచుకున్నారు. అప్పటి మధ్యప్రదేశ్‌లో ఎంచుకున్నది రాయపూర్ ప్రాంతం. ఆంధ్రప్రదేశ్‌కూ వాటా దక్కింది. రాయపూర్ పల్లెలకు హిందీ కార్యక్రమాలు, ఆంధ్ర పల్లెలకు తెలుగు కార్యక్రమాలు. మూడు మీటర్ల వెడల్పున్న జాలీ యాంటెన్నా కింద పెట్టిన బ్లాక్ అండ్ వైట్ సెట్లను తయారు చేసింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. 1967లో ఆ సంస్థకు పునాది వేసిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టినవారు. హైదరాబాద్‌లో ఏ.ఎస్. రావు నగర్ ఆయన పేరు మీదిదే.

ఆ సెట్లన్నీ పట్టాల మీది బండ్లే. పల్లెలో రచ్చబండ దగ్గర కూర్చున్న జనానికి కనిపించేది బొమ్మే అయినా, ఉపగ్రహం నుంచి దిగే సిగ్నల్‌లో టైమ్‌టేబులు కూడా కలిసే ఉండేది. ప్రతి గీత మొదట్లో ఒక సింక్ పల్స్ వచ్చి, బీమ్‌ను మళ్లీ ఎడమ అంచు నుంచి బయల్దేరమని చెబుతుంది.

ఐదే సిగ్నళ్లు

వెక్టర్ మానిటర్‌కు సింక్ అన్నదే రాదు. గేమ్ బోర్డు నుంచి దానికి అందేవి ఐదు సిగ్నళ్లు. ఎక్స్ వోల్టేజీ బీమ్ అడ్డంగా ఎక్కడుండాలో చెబుతుంది, వై వోల్టేజీ నిలువుగా ఎక్కడుండాలో చెబుతుంది. మిగతా మూడూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎలక్ట్రాన్ గన్నులు ఎంతెంత మండాలో చెబుతాయి. అంతే. తెర మీద ఉన్నది అంతరిక్ష నౌకో, సాలెగూడో మానిటర్‌కు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఈ క్షణాన వోల్టేజీలు ఎటు లాగితే బీమ్ అటు పోవాలి, పొమ్మన్నంత వేగంగా పోవాలి.

ఇంత అవస్థ ఎందుకు పడ్డారు?

మెమరీ ఖరీదు వల్ల. అడ్డంగా 1024, నిలువుగా 1024 చుక్కలున్న తెరను టీవీ పద్ధతిలో నింపాలంటే, రంగుల్లేకుండా ఉత్త నలుపు తెలుపులకే 128 కిలోబైట్ల మెమరీ కావాలి. 1979లో వీడియో గేమ్ పెట్టెలో అంత మెమరీ పెడతానంటే యజమాని ఇంటికి పంపించేసేవాడు. గీతల పద్ధతిలో అయితే ‘ఇక్కడి నుంచి ఇంత కుడికి, ఇంత పైకి, ఈ రంగులో’ అని రాసుకుంటే సరిపోతుంది. అటారీ కంపెనీ వారి టెంపెస్ట్ గేమ్‌లో గీతల జాబితాకు కేటాయించిన ర్యామ్ 4 కిలోబైట్లు. మారని ఆకారాలు విడిగా రోమ్ (ROM) చిప్పుల్లో ఉండేవి.

ముందు నలుపు తెలుపే

సినిమాట్రానిక్స్ కంపెనీ 1977లో తెచ్చిన స్పేస్ వార్స్‌తో వెక్టర్ గేములు జనంలోకి వచ్చాయి. 1979లో అటారీ ఆస్టరాయిడ్స్ వాటిని ఊరూరా పాకించింది. రంగు 1981లో వచ్చింది. ముందు సెగా వారి స్పేస్ ఫ్యూరీ, ఆ ఏడాదిలోనే అటారీ టెంపెస్ట్. టెంపెస్ట్ రాసిన డేవ్ థ్యూరర్‌కు నేలలోని గుంటలోంచి రాక్షసులు పాకి పైకొస్తున్నట్టు పీడకల వచ్చేదట. ఆటంతా అదే. సొరంగం అంచున మీరు, లోపలి నుంచి ఎక్కి వచ్చే శత్రువులు.

ఆ సొరంగం రంగు 16 లెవెళ్లకోసారి మారుతుంది. 65 నుంచి 80 వరకు సొరంగం కనిపించనే కనిపించదు. దాని రంగు నలుపు! గీతల కోసం మూడు గన్నుల్లో ఒక్కటీ వెలగదు. ఆటగాడు శత్రువుల నడకను బట్టి అంచులు ఊహించుకోవాలి. సర్క్యూట్‌కు పైసా ఖర్చు లేకుండా ఆటగాడిని ఏడిపించడం అంటే ఇదే.

కెపాసిటర్ గీసే గీత

ఇంతకీ గీత ఎలా పుడుతుంది? రెండు దారులున్నాయి. ఆస్టరాయిడ్స్‌లో కౌంటర్ చిప్పులు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ పోతే, ఆ అంకెలను ఒక కన్వర్టర్ వోల్టేజీగా మార్చేది. అంటే గీత నిజానికి చాలా సన్నని మెట్ల వరస.

బ్యాటిల్‌జోన్, టెంపెస్ట్‌ల నాటికి అటారీ ఇంజనీర్లు ఇంకా సొగసైన పని చేశారు. గీత గీసే పనిని కెపాసిటర్‌కు అప్పగించారు. కెపాసిటర్‌లోకి మారని కరెంటు పంపితే దాని వోల్టేజీ ఒకే వేగంతో పెరుగుతుంది, ఎక్కడా మెట్లు ఉండవు. ఎక్స్‌కు ఒక కెపాసిటర్, వైకి ఒకటి. ఎక్స్ వైపు కరెంటు వై వైపు కన్నా రెట్టింపు ఉంటే బీమ్ రెండు పాళ్లు కుడికి జరుగుతూ ఒక పాలు పైకి లేస్తుంది. కరెంటుల నిష్పత్తే గీత వాలు. కరెంటు ఎంతసేపు పారితే గీత అంత పొడవు. కరెంటు ఆపేస్తే బీమ్ ఉన్నచోటే ఉంటుంది, తర్వాతి గీత అక్కడి నుంచే మొదలవుతుంది. ఇంటర్మీడియట్‌లో ఇంటిగ్రేషన్ ఎందుకని విసుక్కున్నవాళ్లు ఉంటారు. ఈ సర్క్యూట్ పేరే ఇంటిగ్రేటర్, సెకనుకు కొన్ని వేల సార్లు అది చేసే పని అదే.

చిక్కల్లా కెపాసిటర్‌కు జ్ఞాపకం అంత గట్టిది కాకపోవడం. ఛార్జి కొద్దికొద్దిగా కారుతుంది, ఆంప్లిఫయర్‌లో ఉండే చిన్నపాటి తేడాలు గీత గీతకూ పేరుకుపోతాయి. వంద గీతల తర్వాత బీమ్ ఉండాల్సిన చోటికీ ఉన్న చోటికీ పొంతన ఉండదు. అందుకని గీతల జాబితాలో మధ్యమధ్య ఒక ప్రత్యేకమైన ఆదేశం పెట్టేవారు. అది రాగానే ఒక స్విచ్ కెపాసిటర్లను ఖాళీ చేస్తుంది, బీమ్ ఠక్కున తెర నడిమధ్యకు వస్తుంది, పేరుకున్న తప్పులన్నీ చెరిగిపోతాయి. అక్కడి నుంచి మళ్లీ కొత్త ప్రయాణం. ఒక వస్తువు గీయడం, మధ్యకు రావడం, ఇంకొకటి గీయడం. ఈ స్విచ్ సరిగా పనిచేయని బోర్డులో బొమ్మలన్నీ ఒకదాని మీదికి ఒకటి జారుతూ పోతాయి.

స్పీకరుకు బదులు యోక్

గేమ్ బోర్డు ఇచ్చేవి చిన్న వోల్టేజీలు. 19 అంగుళాల ట్యూబులో బీమ్‌ను మూల నుంచి మూలకు తిప్పాలంటే ట్యూబు మెడ చుట్టూ ఉన్న రాగి చుట్టల్లో, అంటే యోక్‌లో, ఆంపియర్ల కరెంటు పారాలి. ఆ పని డిఫ్లెక్షన్ ఆంప్లిఫయర్లది. మైక్ సెట్ ఆంప్లిఫయర్ విప్పి చూసినవాళ్లకు ఈ సర్క్యూట్ కొత్తగా ఏమీ అనిపించదు. అటూ ఇటూ 25–30 వోల్టుల చొప్పున ప్లస్, మైనస్ సప్లయి, ఒకటి తోసేది, ఒకటి లాగేది అయిన ట్రాన్సిస్టర్ల జత. వెల్స్-గార్డ్‌నర్ కంపెనీ 6100 మానిటర్‌లో ఆ జత 2ఎన్3716, 2ఎన్3792. మన మెకానిక్కులకు చిరపరిచితమైన 2ఎన్3055 లాగే, రెండు బోల్టులతో హీట్ సింక్‌కు బిగించే లోహపు డిప్పలు.

అయితే రెండు తేడాలున్నాయి. మొదటిది, పాట వాయించే ఆంప్లిఫయర్ స్పీకర్‌లోకి నిలకడ కరెంటు పోనివ్వకూడదు, పోతే స్పీకరు మాడుతుంది. ఇక్కడ నిలకడ కరెంటు పోవాల్సిందే. స్కోరు తెర పైమూలన ఉంటే, ఆ అంకెలు గీసినంతసేపూ బీమ్‌ను ఆ మూలనే పట్టి ఉంచాలి. అందువల్ల గేమ్ బోర్డు నుంచి యోక్ దాకా మధ్యలో ఎక్కడా కెపాసిటర్ అడ్డు ఉండదు. బోర్డులో ఒక చిప్పు చెడిపోయి వోల్టేజీ ఒక పక్కకు అంటుకుపోయిందంటే ఆ దెబ్బ తిన్నగా ట్రాన్సిస్టర్లకే తగులుతుంది.

రెండో తేడా ఇంకా ముఖ్యం. కాయిల్ అన్నది కరెంటును ఉన్నపళంగా మారనివ్వదు. ఎంత వోల్టేజీ పెడితే అంత వేగంగానే మారుతుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. యోక్ 1 మిల్లీహెన్రీ అనుకోండి, సప్లయి 25 వోల్టులు. బీమ్‌ను ఎడమ అంచు నుంచి కుడి అంచుకు తేవడానికి కరెంటు మైనస్ 1 ఆంపియర్ నుంచి ప్లస్ 1కి మారాలనుకోండి. కాయిల్ నిరోధాన్ని పక్కన పెట్టినా దానికి 80 మైక్రోసెకన్లు పడుతుంది. టీవీ ఒక గీతను గీసి, వెనక్కి వచ్చి, మళ్లీ సిద్ధం కావడానికి పట్టేది 64 మైక్రోసెకన్లే. అందులో వెనక్కి రావడానికి ఇచ్చిన గడువు 12 కన్నా ఎక్కువ లేదు. టీవీకి అంత వేగం ఎలా సాధ్యం? ఎప్పుడూ అదే దారి కనక. కాయిల్‌నూ కెపాసిటర్‌నూ ఆ ఒక్క ఊపుకే ట్యూన్ చేసి, వందల వోల్టుల పల్స్‌తో బీమ్‌ను వెనక్కి విసిరేస్తారు. వెక్టర్ మానిటర్‌కు ఆ సుఖం లేదు. దాని తర్వాతి అడుగు ఎటో దానికే తెలియదు.

తెరను సెకనుకు 40 సార్లు తిరగగీయాలనుకుంటే, పైన వేసిన లెక్క ప్రకారం ఒక్కోసారికి అంచు నుంచి అంచుకు 300 పైచిలుకు దూకుళ్లే పడతాయి. అందుకే గీతలను ఏ వరసలో గీయాలన్నది కూడా ప్రోగ్రామర్ల తలనొప్పే. దగ్గరివన్నీ ఒక చోట ముగించుకుని దూరం పోవాలి.

సరిగ్గా పోయిందా లేదా అని చూసుకునే ఏర్పాటు కూడా ఉంది. యోక్ రెండో కొసన చాలా తక్కువ విలువ గల ఒక రెసిస్టర్ పెడతారు. యోక్‌లో పారిన కరెంటంతా దాని గుండానే పోవాలి కాబట్టి దాని మీది వోల్టేజీ కరెంటుకు నకలు. ఆంప్లిఫయర్ ఆ నకలును గేమ్ బోర్డు అడిగిన దానితో పోల్చుకుంటూ, తేడా పోయేదాకా తోస్తూనే ఉంటుంది. యోక్ వేడెక్కి నిరోధం పెరిగినా బొమ్మ కుంచించుకుపోకపోవడానికి కారణం ఈ చిన్న రెసిస్టరే.

వెలుగు అంటే వ్యవధి

బీమ్ నెమ్మదిగా నడిస్తే గీత వెలుగుతుంది, పరుగెత్తితే మసకబారుతుంది. పొట్టి గీతకూ పొడుగు గీతకూ ఒకే సమయం ఇస్తే పొట్టిది కళ్లు జిగేల్మనిపిస్తుంది, పొడుగుది కనీ కనిపించకుండా ఉంటుంది. అందుకని అటారీ సర్క్యూట్ పొట్టి గీతల అంకెలను రెట్టింపు చేసుకుంటూ పోయి, అన్నిసార్లూ సమయాన్ని సగానికి తగ్గించేది. గీత పొడవు మారదు, బీమ్ వేగం మాత్రం దాదాపు అన్నిటికీ సమానమవుతుంది.

అయినా కొసల దగ్గర బీమ్ ఆగి మలుపు తిరుగుతుంది కదా. ఆస్టరాయిడ్స్ ఆడే పాత యంత్రం దొరికితే తెరకు దగ్గరగా వెళ్లి రాళ్ల మూలలు చూడండి. గీతలు కలిసే ప్రతిచోటా ఒక మెరుపు చుక్క ఉంటుంది. అది ఎవరూ గీసింది కాదు, బీమ్ అక్కడ మైక్రోసెకను ఎక్కువ నిలబడిన గుర్తు.

చుక్కలు లేని బొమ్మ, చుక్కల తెర

నలుపు తెలుపు ట్యూబులో ఫాస్ఫర్ పూత అంతా ఒకటే. బీమ్ ఎక్కడ తగిలితే అక్కడ అఖండంగా వెలుగుతుంది. రంగుల ట్యూబులో అలా కుదరదు. మూడు గన్నులు, తెర లోపలి వైపున ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫాస్ఫర్ చుక్కలు, వాటికి కాస్త వెనక సన్నని రంధ్రాల లోహపు రేకు. దాన్ని షాడో మాస్క్ అంటారు. ఎర్ర గన్ను ఎలక్ట్రాన్లు ఎర్ర చుక్కల మీదే పడేలా రంధ్రాల కోణం కాపలా కాస్తుంది. అంటే ఎంత అఖండమైన గీత పంపినా మాస్క్ దాన్ని ముక్కలు చేసి చుక్కలుగానే తెరకు వదులుతుంది! పిక్సెళ్లు లేని గేమ్‌కు రంగు కావాలనుకున్నందుకు పడిన జరిమానా ఇది. నన్నడిగితే గీత పదును చూడాలంటే ఆస్టరాయిడ్సే, రంగు చూడాలంటే టెంపెస్టే. రెండూ ఒకే తెర మీద దొరకవు.

మూడు బీమ్‌లూ ఒకే యోక్ గుండా, ఒకే ఆంప్లిఫయర్ల చేతుల్లో తిరుగుతాయి. మూడూ ఒకేచోట కలవాలి. ట్యూబు మెడ మీద అయస్కాంతపు రింగులుంటాయి, వాటిని వెంట్రుకవాసి తిప్పుతూ సరిచేస్తారు. కలవలేదంటే టీవీలో అయితే ఆ తప్పు బొమ్మ గజిబిజిలో కొట్టుకుపోతుంది, నల్లటి తెర మీద ఒంటరి తెల్ల గీతలో మాత్రం దాచలేరు. గీత ఒక పక్క ఎర్రగా, ఒక పక్క నీలంగా చీలిపోయి కనిపిస్తుంది, ముఖ్యంగా మూలల్లో.

మాస్క్ లేకుండా రంగు తెచ్చే ఉపాయం కూడా ఒకటి ఉండేది. రెండు ఫాస్ఫర్ పొరలు ఒకదాని మీద ఒకటి వేసి, బీమ్‌ను తక్కువ వోల్టేజీతో తోస్తే పై పొర, ఎక్కువ వోల్టేజీతో తోస్తే లోపలి పొర వెలిగేలా చేసేవారు. రాడార్ తెరల్లో, విమానాల సిమ్యులేటర్లలో వాడారు.

టైమ్‌టేబులు లేనివాడికి ఈహెచ్‌టీ ఎక్కడిది?

టీవీ మెకానిక్ షాపులో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే మాట ఈహెచ్‌టీ. పిక్చర్ ట్యూబుకు కావలసిన వేల వోల్టులను పుట్టించే ట్రాన్స్‌ఫార్మర్‌కు అదే వాడుక పేరు. టీవీలో దానికి విడిగా ఖర్చేమీ లేదు. బీమ్‌ను వెనక్కి విసిరే పల్స్ సెకనుకు 15,625 సార్లు ఎలాగూ వస్తుంది. ఆ పల్స్‌నే ట్రాన్స్‌ఫార్మర్‌తో పెంచి, డయోడ్‌తో సరిచేసి ట్యూబుకు పంపుతారు. బండి వేళకు రావడం మీదే బతికే వ్యాపారం అది.

వెక్టర్ మానిటర్‌లో ఆ పల్సే లేదు! ఒక క్షణం బీమ్ పరుగులు పెడుతుంది, ఒక క్షణం నిలబడుతుంది. దాని మీద ఆధారపడితే తెర ఖాళీగా ఉన్నప్పుడల్లా హై వోల్టేజీ చచ్చిపోతుంది. కాబట్టి దీనికి సొంత ఆసిలేటర్, సొంత ట్రాన్స్‌ఫార్మర్, వోల్టేజీ పెరిగినా తగ్గినా చక్కదిద్దే సొంత రెగ్యులేటర్‌తో విడిగా ఒక యూనిట్ పెట్టక తప్పలేదు. వెల్స్-గార్డ్‌నర్ 6100లో అది 19,500 వోల్టులు ఇచ్చేది. అంత వోల్టేజీతో ఎలక్ట్రాన్లు సెకనుకు సుమారు 80 వేల కిలోమీటర్ల వేగంతో తెరను ఢీకొంటాయి, కాంతి వేగంలో పావు వంతుకు పైమాటే. వోల్టేజీ హద్దు మీరితే ఎక్స్‌రేలు పుట్టే ప్రమాదం ఉంది కనక, పెరిగిన వెంటనే యూనిట్‌ను ఆపేసే కాపలా సర్క్యూట్ కూడా ఉంటుంది.

స్పాట్ కిల్లర్

పేరు హంతకుడిలా ఉన్నా పని రక్షకుడిది. ఎక్స్, వై కదలికలు ఆగిపోయాయనుకోండి. బీమ్ మొత్తం తెర మీద ఒకే చోట నిలబడుతుంది, ఆ చోట ఫాస్ఫర్ చూస్తూండగానే మాడి నల్లమచ్చ పడుతుంది. స్పాట్ కిల్లర్ సర్క్యూట్ రెండు కదలికలనూ కనిపెట్టి చూస్తూ, ఆగాయని తెలిసిన మరుక్షణం మూడు గన్నులనూ ఆర్పేస్తుంది. డిఫ్లెక్షన్ బోర్డు మీద ఒక ఎర్ర ఎల్‌ఈడీ వెలుగుతుంది. తెర చీకటిగా ఉండి ఈ దీపం వెలుగుతోందంటే తెలిసిన మెకానిక్ ట్యూబు జోలికి పోడు. గేమ్ బోర్డు నుంచి సిగ్నల్ వస్తోందా, ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు బతికున్నాయా అని ముందు చూస్తాడు.

పొగ

ఆంప్లిఫయర్ తన సప్లయిలో యోక్‌కు ఇవ్వనిదంతా వేడిగానే వదులుకోవాలి. బీమ్ మూలన ఉంటే కరెంటు ఎక్కువ, దూకుతూ ఉంటే ఇంకా కష్టం. చుట్టూ చెక్క పెట్టె, వెనక గోడ, పొద్దున్నుంచి రాత్రి దాకా కునుకు లేదు. 6100 తొలి బోర్డులు ట్రాన్సిస్టర్లనూ, తక్కువ వోల్టేజీ సప్లయి భాగాలనూ తరచూ పోగొట్టుకునేవి. తర్వాతి బోర్డుల్లో రక్షణ సర్క్యూట్లు చేర్చారు. సెగా వాడిన ఎలక్ట్రోహోమ్ కెనడా కంపెనీది. దాని జీ08 మానిటర్‌కు పొగలు కక్కుతుందన్న చెడ్డపేరే ఉంది. అటారీ తర్వాత ఆంప్లిఫోన్ మానిటర్‌కు మళ్లింది. 1983 నాటి స్టార్ వార్స్‌లో మనిషి లోపల కూర్చుని ఆడే పెద్ద పెట్టెకు 25 అంగుళాల ఆంప్లిఫోన్ వాడారు. దానికీ హై వోల్టేజీ ట్రాన్స్‌ఫార్మర్ బలహీనత తప్పలేదు.

డిజైన్ చేసినవాళ్లను తిట్టడం తేలికే. టీవీ సర్క్యూట్ వెనక అప్పటికి కొన్ని దశాబ్దాల అనుభవం, కోట్ల సెట్లు ఉన్నాయి. వీళ్లకు ఉన్నది రెండు మూడేళ్ల గడువు, వేలల్లో అమ్మకాలు.

మన కాలేజీ లాబ్‌లోని చుట్టం

ఈ మానిటర్లు మన ఊళ్లకు రాలేదుగానీ వీటి దగ్గరి చుట్టం దాదాపు ప్రతి ఇంజనీరింగ్ కాలేజీ, పాలిటెక్నిక్ లాబ్‌లో ఉండేది. అదే సీఆర్‌ఓ, అంటే క్యాథోడ్ రే ఆసిలోస్కోపు. మామూలుగా దాని బీమ్ ఎడమ నుంచి కుడికి తనంతట తాను నడుస్తుంది. నాబ్‌ను ఎక్స్–వై దగ్గరకు తిప్పారా, ఆ నడక ఆగిపోతుంది. ఇక రెండు ఇన్‌పుట్లు లాగిన చోటికే పోతుంది, అచ్చం వెక్టర్ మానిటరే. రెండు ఫంక్షన్ జనరేటర్ల నుంచి ఒకే ఫ్రీక్వెన్సీ, 90 డిగ్రీల తేడాతో ఇస్తే పచ్చటి వృత్తం. వై వైపు ఫ్రీక్వెన్సీని రెట్టింపు చేస్తే ఎనిమిది అంకె అడ్డంగా పడుకుంటుంది. రెండు జనరేటర్లూ వెంట్రుకంత తేడాగా ఉంటే ఆ బొమ్మ తెర మీద తనలో తాను మెల్లగా పొర్లుతూ ఉంటుంది. రికార్డులో మాత్రం నిలబడ్డ బొమ్మే గీయాలి. ఫ్రాన్స్‌కు చెందిన లిసాజు పేరు మీద ఆ బొమ్మలకు మార్కులు వేస్తారు.

సీఆర్‌ఓ ట్యూబులో యోక్ ఉండదు. బీమ్‌కు అటూ ఇటూ ఉన్న పలకల మీద వోల్టేజీ పెట్టి వంచుతారు. కాయిల్ గొడవ లేదు కాబట్టి వేగానికి వేగం, వేడి తక్కువ. మరి గేమ్ మానిటర్లో అదే ఎందుకు వాడలేదు? పలకలు బీమ్‌ను కొద్దిగానే వంచగలవు. 19 అంగుళాల తెర నిండాలంటే ట్యూబు బాగా పొడవు సాగాలి. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవన్ లాబ్‌లో విలియం హిగిన్‌బోథమ్ చూపించిన ‘టెన్నిస్ ఫర్ టూ’ ఆట ఇలాంటి చిన్న ఆసిలోస్కోపు తెర మీదే ఆడారు. మన దేశంలో పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్‌లో 1960లో సిద్ధమైన టిఫ్రాక్ కంప్యూటర్‌కు కూడా క్యాథోడ్ రే ట్యూబు తెర ఉండేది.

విశాఖ తుపాను కన్ను

మందిర్ హసౌద్ మీదుగా పోయే ఆ లైను విజయనగరం చేరాక, ఇంకాస్త దూరంలో విశాఖపట్నం. భారత వాతావరణ శాఖ తొలి ఎస్-బ్యాండ్ తుపాను రాడార్‌ను 1970లో అక్కడే పెట్టింది. ఆ కాలపు రాడార్ గుండ్రటి తెర మీద గీత నడిమధ్య నుంచి అంచుకు పరుగెత్తేది. యాంటెన్నా ఎటు తిరిగితే గీత కూడా అటు తిరిగేది. అక్కడా టీవీ వరసలు లేవు, డిఫ్లెక్షన్ కరెంటులే దిక్కు చూపిస్తాయి. ఒక్క విషయంలో మాత్రం గేమ్ మానిటర్‌కు పూర్తిగా వ్యతిరేకం. రాడార్ గీత మళ్లీ అదే చోటికి రావడానికి సెకన్లు పడుతుంది కాబట్టి అక్కడి ఫాస్ఫర్ చాలాసేపు మినుకుమంటూ ఉండాలి. గేమ్‌లో అలా ఉంటే నౌక వెనక దెయ్యంలా తోక వేలాడుతుంది. అందుకే త్వరగా ఆరిపోయే ఫాస్ఫర్ వాడి, జాబితా మొత్తాన్ని సెకనుకు పదుల సార్లు తిరగగీస్తారు. శత్రువులు మరీ ఎక్కువైతే జాబితా పొడవై, తిరగగీయడం ఆలస్యమై తెర రెపరెపలాడుతుంది.

1985

అటారీ చివరి వెక్టర్ గేమ్ ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’ 1985లో వచ్చింది. అదీ కొత్త పెట్టె కాదు, పాత స్టార్ వార్స్ పెట్టెను మార్చుకునే కిట్. అప్పటికి మెమరీ చిప్పుల ధర పడిపోయింది, టీవీ తరహా తెరల మీదే నిండు రంగుల బొమ్మలు రావడం మొదలైంది. రిపేరు బాధ లేని మానిటర్ చవగ్గా దొరుకుతుంటే ఎవరు కాదంటారు?

ఇప్పుడు పాత గేములను కంప్యూటర్ మీద ఆడించే సాఫ్ట్‌వేర్లున్నాయి. గీతల అంచులు మెత్తబరిచి, చుట్టూ కాంతి పులిమి అసలు తెరలా చూపిస్తాయి. బాగానే ఉంటుంది, ఒక్క ఆస్టరాయిడ్స్ తూటా తప్ప. అసలు ట్యూబులో బీమ్ ఆ చుక్క మీద నిలబడి మండినంత వెలుగు ఎల్‌సీడీ పిక్సెల్ ఇవ్వలేదు. దాని తెలుపుకు ఒక గరిష్ఠ హద్దు ఉంది, బీమ్‌కు ఫాస్ఫర్ మాడడమే హద్దు.

అటకెక్కిన పాత టీవీ విప్పాలనుకునేవారికి

వెక్టర్ మానిటర్‌కైనా, ఇంట్లో మూలన పడ్డ పాత కలర్ టీవీకైనా ఇది ఒకటే. పిక్చర్ ట్యూబు లోపలా బయటా ఉన్న నల్ల పూతలు, మధ్యలో గాజు, అన్నీ కలిసి ఒక పెద్ద కెపాసిటర్. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా అందులో వేల వోల్టులు మిగిలి ఉండవచ్చు. ట్యూబు పక్కన ఎర్ర తీగ వచ్చి చేరే రబ్బరు టోపీ కింద వేలు పెట్టకండి. పని తెలిసిన మెకానిక్ ముందు దాన్ని ట్యూబు బయటి పూతకు తగిలి ఉండే ఎర్త్ తీగతో కలిపి డిస్‌ఛార్జ్ చేస్తాడు. కాసేపు ఆగి మళ్లీ ఇంకోసారి చేస్తాడు, ఎందుకంటే గాజులో దాగిన ఛార్జి కొంత మెల్లగా పైకి వస్తుంది.